దోమతెరకు లంగా గుడ్డ అంచు

అందరూ బాగున్నారా? మీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల సరిగ్గా అన్నం తింటోందా? బాలింతకు చలిజ్వరం ఏమీ రాలేదు గదా? పసిబిడ్డ ఒళ్ళు ఒకసారి పట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఆలస్యం చెయ్యొద్దు. పెద్దాయన మోకాళ్ళు ఎట్లున్నాయి? ఇట్లా ఒక్కొక్కరినీ అడిగితే తప్ప నాకు మాట ముందుకు సాగదు. నా గుణమే అంత. ఇక అసలు మాట. ఎమ్మిగనూరులో మా వీధి మిషనక్క మొన్న సోమవారం పోయింది. మధ్యాహ్నం జొన్నరొట్టె తిని, కుట్టుమిషను పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. కోడలు చెంబుతో నీళ్ళు తెచ్చేలోపలే అయిపోయింది.

జాకెట్లు కుట్టి బతికిన మనిషి. ఆమె గురించి రాసేందుకు ఈ వీధిలో ఇంకెవరూ కూర్చోరు. నాది మూడో తరగతి చదువు. అయినా కూర్చున్నాను.

నా కోడలికి మొదటి కడుపు ఐదో నెలలో పోయింది. వానాకాలంలో జ్వరం వచ్చి ఒణికిపోయింది, ఆస్పత్రిలో రక్తం చూసి మలేరియా అన్నారు. మళ్ళీ నెల తప్పినప్పుడు ఆస్పత్రివాళ్ళు మందు పట్టించిన దోమతెర ఒకటి ఇచ్చారు. దాన్ని నేనేం చేశాను? నా కొడుకు మంచానికి కట్టాను. వాడు ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ. వాడు పడిపోతే ఇల్లే పడిపోతుందని నా భయం. కోడలు పక్కనే నేల మీద బొంత పరుచుకుని, కొంగు కప్పుకుని పడుకునేది. అది తప్పని నాకు తోచనే లేదు. వీధిలో అన్ని ఇళ్ళల్లోనూ సంపాదించేవాడికే తెర. వాడు వద్దంటే అది ఎండు మిరపకాయల మీదికో, కోడిపిల్లల మీదికో పోయేది.

ఒకరోజు కోడలి జాకెట్టు వదులు చేసి ఇవ్వడానికి మిషనక్క వచ్చింది. పిల్ల చేతుల మీద దోమకాట్లు చూసింది. తర్వాత మంచం వైపు చూసింది.

"ఏమ్మే, ఈ తెర ఎవరికిచ్చినారు?"

"కోడలికే అక్కా. వాడు పొద్దంతా మూటలు మోసి వస్తాడు గదా, అందుకని..."

"వాడు మూటలు మోస్తాడు సరే. ఇది కడుపులో మోసేది ఏంది, గాలా?"

"వానికి జరమొస్తే మేము యాడికి పోవల్లక్కా?"

"వానికొస్తే వానొక్కనికే. దీనికొస్తే ఇద్దరికి. ఒకరు పోయినాక గూడ నీకు తెలిసి రాలేదా?"

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. తెర విప్పి, చంకలో పెట్టుకుని పోయింది. సాయంత్రానికి తిరిగి తెచ్చి, కోడలి బొంత మీద కట్టింది. తెర అడుగున చుట్టూ జానెడు ఎర్రగుడ్డ కుట్టి ఉంది. నేల మీద పడుకునేవాళ్ళకు ఆ తెర పొట్టి, బొంత కిందికి దోపడానికి అందదు. అందుకే పొడుగు చేసిందనుకున్నాను. తడిమి చూస్తే పాత లంగా గుడ్డ.

మా వైపు మగవాళ్ళు దండెం మీద లంగా ఆరేసి ఉంటే దాని కింద నడవరు, చుట్టు తిరిగి పోతారు.

"ఎవరిదక్కా ఇది?"

"నాదే. ఇప్పుడు లోపలికి దూరమను నీ కొడుకును, సూద్దాం."

దీపాలు పెట్టే వేళకు వాడు వచ్చాడు. "ఏంది మా ఇది?" అన్నాడు. ముట్టుకోకుండా దిండు తీసుకుని మిద్దె మీదికి పోయాడు. కోడలు తెరలోకి దూరి, ఆ గుడ్డ అంచును చుట్టూ బొంత కిందికి దోపుకుంది. కొడుకును దోమలు కుడుతున్నాయని నాకు ఒక దిగులు. లంగా గుడ్డతో వాడి ఆయుష్షుకు ఏమవుతుందోనని ఇంకో దిగులు.

నెల తిరిగేసరికి వీధిలో కడుపుతో ఉన్నవాళ్ళూ చంటిపిల్లల తల్లులూ తెరలు పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డారు. ఎవరి తెరకు వాళ్ళ లంగానే తెమ్మనేది. "బాగా కట్టి ఎలిసిపోయిందే తేండి. కొత్తదైతే మొగోడు గుర్తుపట్టడు" అనేది. కుట్టి ఊరుకోలేదు. వారానికొకసారి ఇళ్ళల్లోకి వచ్చి, తెర లోపల చెయ్యి పెట్టి చిరుగులు వెతికేది. "ఏలు దూరితే దోమ దూరినట్లే" అని అక్కడే కూర్చుని కుట్టేది. "తెర ఉందని జరాన్ని దాసిపెట్టుకోవద్దు, రగతం సూపించుకోండి" అని పోతూ పోతూ కసిరేది.

నలుగురు పెద్దమనుషులు ఆమె ఇంటి ముందుకు వచ్చారు. నేను గోడ చాటున ఉన్నాను, భయంతో.

"ఏమ్మా, మొగోళ్ళ పరువు తీస్తాండావు. ఇట్లా సేస్తే ఇండ్లల్లో లచ్చిమి నిలుస్తాదా?"

ఆమె మిషను ఆపలేదు.

"మీరంతా యాడనుంచి వచ్చినారప్పా, ఆకాశంలోనుంచి పడినారా? ఆడదాని లంగా సాటునుంచే గదా. పుట్టేతప్పుడు ల్యాని అంటు పండుకునేతప్పుడు వచ్చిందా?"

ఒకాయన దగ్గు వచ్చినట్లు తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అది నవ్వని ఆయన భార్య తర్వాత మాతో చెప్పింది.

"అంచు ల్యాని తెర కావాల్నంటే ఆస్పత్రికి పోయి అడగండి. కాళ్ళుండాయి గదా."

పోయారు. మా వాడూ వాళ్ళ వెంట పోయాడు. ఆడవాళ్ళం అడిగితే లేవన్న తెరలు, మగవాళ్ళు గుంపుగా పోయి మూడుసార్లు తిరిగేసరికి వచ్చాయి. మాకు మనవరాలు పుట్టింది. ఇప్పుడు ఏడో తరగతి. లంగా గుడ్డ కింద పెరిగిన పిల్ల. మా వాడూ బాగానే ఉన్నాడు. నాకు ఇప్పటికీ లోపల భయమే, అది పాపమేమో అని. పాపమైతే నా నెత్తిన పడనీ. పిల్ల ఉంది గదా.

మొన్న ఆమెను సాగనంపి వచ్చాక, అరుగు మీద ఒక ముసలాయన "ఇంక ఆ లంగా గుడ్డల పీడ వదిలింది" అన్నాడు. మగవాళ్ళ ముందు గొంతెత్తిన దాన్ని కాదు నేను. ఎట్లా వచ్చిందో ఆ మాట వచ్చేసింది.

"ఆమె పోయింది గానీ మా లంగాలు యాడికీ పోలేదప్పా" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

మా పెద్దకూతురి కూతురు కోసిగిలో కాపురం చేస్తోంది. ఇప్పుడు ఆరో నెల. ఇంటిల్లిపాదీ సుగ్గికి పోతున్నారు, గుంటూరు వైపు మిరపచేలలో కూలికి. అక్కడ గుడారాల్లో పడక. నిన్న ఫోను చేసి తెర ఉందా అని అడిగాను. దాని అత్త మాట్లాడింది. ఆమెకు నేను అత్త వరస.

"ఉంది అత్తా. అయితే దాంట్లో మా వాడు పండుకుంటాడు. వాడు పడితే కూలి యాడిది?"

ఆమెను తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఒకప్పుడు నేనన్న మాటే అది.

"ఆ తెరకు అంచెయ్యాల. నేనే వస్తాండా" అన్నాను.

"ఈ వయసులో నీకెందుకత్తా?"

"ఈ వయసుకే కుదిరింది."

మిషనక్క చేతి పనితనం నాకు లేదు. చేతికుట్టుతో వంకరగానైనా వేస్తాను. నా నీలం లంగా చించి పట్టీలు చేసి, సంచిలో పెట్టాను. సంచి మూతి కట్టుకోక ఒక పట్టీ బయటికి వేలాడుతోంది. కొడుకు చూసి "లోపలికి దోపు మా, రైల్లో మొగోళ్ళుంటారు" అన్నాడు. ఉండనీ. వాళ్ళు జరిగి కూర్చుంటే నాకు చోటు దొరుకుతుంది. వాళ్ళ లారీ శుక్రవారం బయలుదేరుతుందట. నేను ముందురోజు, బేస్తవారం పొద్దున్నే ఆదోనిలో కోసిగి రైలెక్కుతున్నాను.