తప్పు డ్రాయరులో కార్డు

లైబ్రరీలో పుస్తకాల కార్డుల మధ్య, వేరే మతానికి చెందిన మా పక్కింటామె సభ్యత్వ కార్డు, ఇంటి నంబరుతో సహా కనిపించినప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. "ఒక్క కార్డు తప్పు జాగల పెట్టినా ఆ పుస్తకం పోయినట్టే బిడ్డా" అంటూ నాకు కార్డులు వెతకడం నేర్పే లైబ్రరీ సారు అలాంటి పొరపాటు చేయడు. పాతబస్తీలో అప్పటికి రెండు రోజులుగా మతం గొడవలు.

ఆయన్ని అడగబోతుండగా ముగ్గురు లోపలికొచ్చారు.

"మెంబర్ల కార్డులు తియ్యి సార్. ఏ గల్లీల ఎవలున్నరో చూస్తం."

సారు ఖాళీ డ్రాయరు లాగి చూపించాడు. "గవి చెదలు తిన్నయ్ భాయ్. పుస్తకాలవే ఉన్నయ్, చదువుతరా?"

ఒకడు నా వైపు తిరిగాడు. "నువ్వేం దేవులాడుతున్నవ్?"

"వంటల పుస్తకం" అన్నాను. నా వేలు ఆ కార్డు మీదే ఉంది.

వాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయాక సారు చెమట తుడుచుకుని, నా ముందున్న డ్రాయరు మెల్లగా మూశాడు. సభ్యుల కార్డులన్నీ ఆయనే వేల కార్డుల్లో కలిపేశాడని అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున మా పిల్లలను కూర్చోబెట్టి, పక్కింటివాళ్ల పేర్లు ఎవరడిగినా తెలియదనాలని చెప్పాను.

"రోజూ ఆడుకుంటం గదమ్మా" అంది చిన్నది.

"అయినా తెల్వదనాలె" అన్నాను.