ఎర్ర దీపాల కింద అమ్మ ఫొటో

సూర్యాపేట ఆసుపత్రిలో నాయిన మోకాలికి వేడి పట్టే గదిలో ఎర్ర దీపం వెలగగానే కాలిన దుమ్ము వాసన వచ్చింది. మోకాలు నాయినదే గానీ, నొప్పి నాకు మొదలైంది.

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక సందులో నాయిన ఖాళీ బియ్యం సంచుల మీద మిల్లుల పేర్లు అచ్చువేసేవాడు. తడి రంగుతో సంచులు బెల్టు మీద మెల్లగా కదిలి, వరుసగా వేలాడే ఎర్ర దీపాల కింద దూరి, తవుడు వాసనా రంగు వాసనా కలిసిన వేడితో అవతలికి వస్తే, చివరి అక్షరాన్ని బొటనవేలితో ఒత్తి చూసేవాడు. అంటకపోతే ఆరినట్టు. పెళ్లిళ్లలో అక్షింతలు వేసేటప్పుడు కూడా ఆ వేలు నీలంగానే ఉండేది.

వానాకాలం ఇంట్లో తడిసినవన్నీ ఆ దీపాల కిందికే చేరేవి: నా యూనిఫాం, మేనత్త గుడ్డ మీద చుట్టిన సకినాలు, ఒకసారి మోరీలో పడిన కోడిపిల్ల.

“థూ, మిల్లు సంచి నమిలినట్టున్నది. ఇది ప్రెస్సా, పొయ్యా?” అని నాయినను తిడుతూనే అత్త, నూనెలో వేగిన రెండో సకినం అందుకునేది.

నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. ఇంట్లో ఉన్నది ఒక్క ఫొటో. నా ఏడో ఏట కప్పు కారి అది తడిసింది. తడిసినదాన్ని ఏం చేయాలో మా ఇంట్లో ఒకరిని అడగాలా? నాయిన అన్నానికి వెళ్లగానే ఫొటోను దీపాల కింద పెట్టి, నేనే స్విచ్ వేశాను. బెల్టు నడపడం మాత్రం రాదు. ఆ వేడికి నలుపంటే మహా ఇష్టం: ముందు అమ్మ జుట్టు పొంగింది, తర్వాత కనుబొమ్మలు, కళ్లు. లాగేసరికి చీరా, గడ్డమూ మిగిలాయి.

నాయిన వచ్చి చూశాడు. అలవాటుగా బొటనవేలితో ఒత్తాడు.

“ఆరింది బిడ్డా,” అన్నాడు. “ఏడ్వకు. మీ అమ్మ మొఖం నాకు యాదికున్నది. ఎప్పుడడిగితే అప్పుడు చెప్త,” అన్నాడు.

చెప్పాడు కూడా, సంచులు ఆరేంతసేపూ, ఏళ్లతరబడి.

ఇప్పుడు సంచులు పేర్లతో సహా ఎక్కడినుంచో వస్తున్నాయి. ప్రెస్సు ఖతం, దీపాలు పాతసామాన్ల బండెక్కాయి. రెండేళ్లుగా నాయిన ఒక్కొక్కటే మరిచిపోతున్నాడు.

“బిడ్డా, మీ అమ్మ ఎట్లుండేది?” అన్నాడు, మోకాలు దీపం కింద పెట్టుకుని.

“నీకన్న మంచిగుండేది.”

“అది నాకెరుకే. మొఖం చెప్పు.”

ఆయన చెప్పినవే ఆయనకు చెప్పాను. దిద్దుతాడేమోనని, ఎడమ చెంప మీది పుట్టుమచ్చను కావాలనే కుడి చెంపకు మార్చాను.

నాయిన తృప్తిగా తలూపాడు.