ఊటబావి చేసిన బిళ్ల

మందుల కంపెనీలో మా బావకు పెట్టిన పేరు ఊటబావి. ఆయన నోట్లో అంతగా నీరూరేది. పక్కవాళ్లు నిమ్మకాయ అన్నారంటే చాలు, ఎదురుగా కూర్చున్నవాళ్లు కాళ్లు కుర్చీ మీదికి లాక్కునేవారు. ఇందులో సగమే అబద్ధం.

మింగలేని రోగుల కోసం, నాలుక మీద పెట్టగానే కరిగిపోయే బిళ్ల తయారుచేయడం ఆయన పని. అదొక పేచీకోరు బిళ్ల. గట్టిగా అచ్చొత్తితే కరగదు, మెత్తగా ఒత్తితే డబ్బాలోనే పొడైపోతుంది. తొమ్మిదేళ్లు దానితోనే కుస్తీ పట్టాడు. నీళ్లలో పరీక్ష అయ్యాక, మందు కలపని బిళ్లను తన నాలుక మీదే పెట్టుకుని స్టాప్‌వాచ్ నొక్కేవాడు.

"పదకొండు సెకన్లు! చూశావురా బామ్మర్దీ?"

"అది నీ నోరు బావా. ఇటుక వేసినా కరుగుతుంది."

అక్క పడీ పడీ నవ్వేది. "ఆ ఇటుకలతో ఓ గదైనా కట్టించమను," అనేది.

ఆ అక్కకే పక్షవాతం వచ్చింది. కుడివైపు చచ్చుబడింది. మాట పోయింది, మింగడం చాలావరకు పోయింది, పైగా ఫిట్స్ మొదలయ్యాయి. మందు నూరి నీళ్లలో కలిపి పడితే పొరబోయి, ఊపిరితిత్తుల్లోకి దిగింది. రెండుసార్లు ఆసుపత్రిపాలైంది.

"ఇంకోసారి ఇలా అయితే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందే," అన్నాడు డాక్టరు.

అక్క ఎడమచెయ్యి అడ్డంగా ఊపింది. వద్దు, వద్దు, వద్దు. ఆ కళ్లలో భయం చూసి నేను కిటికీ వైపు తిరిగాను.

బావ డాక్టర్ని ఒప్పించి, ఆ ఫిట్స్ మందునే తన బిళ్లగా చేసి తెచ్చాడు. పూటకొకటి ఆమె నాలుక మీద పెట్టి ఇరవై లెక్కపెట్టేవాడు.

"కరిగిందా?"

అక్క తలూపేది.

"అంతేనే! ఇక గొట్టం లేదు, గిట్టం లేదు," అని పుస్తకంలో 'కరిగింది' అని రాసుకునేవాడు. ఆ మూడు వారాలూ బావ కాళ్లు నేల మీద ఆనలేదు.

ఫిట్స్ మాత్రం తగ్గకపోగా పెరిగాయి. డాక్టరు మందు మోతాదు పెంచాడు. ఇంకా పెరిగాయి.

ఒక ఉదయం దిండు గలీబు మారుద్దామని దులిపితే, తెల్లటి బిళ్లలు జలజలా రాలాయి. కొన్ని అంచులు అరిగాయి, అంతే. అక్క వాటిని బుగ్గన పెట్టుకుని, మేం అటు తిరగ్గానే ఎడమచేత్తో గలీబులోకి తోసేసేది.

బావ వాటిని చూశాడు. వెళ్లి ఆమె నోట్లో వేలు పెట్టాడు. నోరు తెరుచుకునే పడుకోవడం వల్లో, మందుల వేడి వల్లో, లోపల అట్టముక్కలా ఎండిపోయి ఉంది. వేలికి తడే అంటలేదు.

"తొమ్మిదేళ్లూ నా నోటికి సరిపోయే బిళ్ల చేశానురా," అన్నాడు నాతో. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "కరగలేదని ఒక్కసారి చెప్పొచ్చు కదే?"

అక్క ఎడమచెయ్యి ఎత్తి ముక్కు చూపించి, అడ్డంగా ఊపింది.

బిళ్లను ఎండిన నోళ్లకు పనికొచ్చేలా మార్చి, మళ్లీ పరీక్షలన్నీ చేయాలంటే ఏడాదిన్నర పడుతుందన్నారు కంపెనీలో. రేపే ఆసుపత్రిలో చేర్చి గొట్టం వేయాలన్నాడు డాక్టరు.

వేశారు. మధ్యాహ్నానికి అక్క దాన్ని పీకేసింది. మళ్లీ వేశారు. మళ్లీ పీకింది, ఈసారి రక్తం వచ్చింది.

"ఆ చెయ్యి కట్టేయాలండీ, లేకపోతే కష్టం. మీలో ఎవరైనా కడతారా, నన్ను కట్టమంటారా?" అని నర్సు మెత్తటి గుడ్డ పట్టుకొచ్చింది.

నేను వరండాలోకి వెళ్లిపోయాను. వెళ్తూ వెనక్కి చూస్తే బావ ఆ గుడ్డ అందుకుని, ఆమె ఎడమచేతిని మంచం కడ్డీకి తనే కడుతున్నాడు. నొప్పిగా ఉందా అని అడగలేదు. ముడికి, మణికట్టుకు మధ్య తన వేలు దూర్చి, వదులు చూసుకున్నాడు.