మూడు గాట్ల ఇరుసు

నారిన్ అనే కొండ ఊళ్లో నాలుగు చక్రాలూ లాగే పాత మిలిటరీ లారీల కింద ఎప్పుడు చూసినా ఎర్మెక్ కాళ్లే కనిపిస్తాయి. ఏ ఇరుసు బిగించినా దానిమీద ఉలితో మూడు గాట్లు పెట్టడం అతని అలవాటు. కొండమీద గొర్రెలు మేపడానికెళ్లిన పెళ్లాం పిల్లల్ని మంచు పడకముందే దింపుకోవాలని లారీ ఇరుసు విరిగిన స్నేహితుడు సాతార్ ఏడిస్తే, తన లారీ ముందు ఇరుసే ఊడదీసి ఇచ్చేశాడు. ఆ లారీ అప్పట్నుంచీ ఇటుకలమీదే ఉంది. ఇవాళ ఒక డ్రైవరు బజారులో కొన్న ఇరుసు తెచ్చి, తన బండికి మార్చమన్నాడు. మడ్డి తుడిస్తే మూడు గాట్లు తేలాయి.

"ఎవరమ్మారు?"

"సాతార్ అని, మంచి మాటకారి. దీని ఓనరు చచ్చిపోయాడటన్నా, పాపం."

ఎర్మెక్ ఆఖరి బోల్టుదాకా బిగించాడు. చేతులు తుడుచుకుని, చావు కబురు విన్నవాళ్లు చేసేట్టు రెండరచేతులతో మొహం నిమురుకున్నాడు.

"పోయినాయన తెలిసినవాడా అన్నా?"

"చిన్నప్పట్నుంచీ. సాతార్ అనేవాళ్లం."