మా అత్త ఇవ్వనన్న పేరు

మా అత్త పోయింది. పోయిన వారం పొద్దున్నే వేంపల్లె నుంచి ఆమె పక్కింటావిడ ఫోను చేసి, "పాపా, మీ అత్త లేయలా" అని మాత్రం అంది. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. కడపలో నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతున్నదాన్ని, సగం అల్లిన జడతో అట్లాగే బస్సెక్కాను.

ఆమె మా నాన్న చెల్లెలు. కర్నూలుకు పడమట ఒక పల్లెలో పుట్టి వేంపల్లెకు కోడలిగా వచ్చింది. మామ తొందరగా పోయాడు. ఒక్కతే కూతురు, చామంతి. పాత చీరలతో బొంతలు కుట్టి అత్త ఆ పిల్లను చదివించింది.

డిగ్రీ చదివేటప్పుడు చామంతి ఆ బొంతల కోసం ఒక వెబ్‌సైటు తయారు చేసింది. దాని చిరునామాకు తన పేరే పెట్టింది. నమోదు మాత్రం అమ్మ పేరు మీద చేయించింది. మొదటి పేజీలో "మీ అమ్మ పాత చీర పంపండి. మా అమ్మ బొంత కుట్టి పంపుతుంది" అని రాసింది. అమ్మల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో చీరలు పంపేవారు. ఉతికే ముందు అత్త ప్రతి చీరనూ ఒకసారి ముఖానికి ఆనించుకునేది. "పసుపు మరకుంటే గట్టిగా రుద్దొద్దండమ్మే. ఆ తల్లి చెయ్యి తుడుసుకున్న జాగా అది" అని తనతో కుట్టే ఆడవాళ్ళకు చెప్పేది.

చదువు పూర్తి కాకుండానే చామంతి విషజ్వరంతో పోయింది. అత్త చాలాకాలం సూది పట్టలేదు. మళ్ళీ పట్టించింది ఆ వెబ్‌సైటే. బొంతలు కావలసినవాళ్ళు ఫోను చేసి, "చామంతేనా అండీ?" అని అడిగేవారు. "ఆఁ, చామంతే. చెప్పమ్మా" అనేది.

"ఊర్లోవాళ్ళు నా ముందర దాని పేరెత్తరు పాపా, యాడ ఏడుస్తానో అని. వీళ్ళన్నా పిలుస్తాండారు" అంది నాతో ఒకసారి.

ఆ తర్వాత నోటీసు వచ్చింది. దుప్పట్లు, దిండు గలీబులు అమ్మే పెద్ద కంపెనీ ఒకటి ఉందట. వాళ్ళ సరుకు పేరూ చామంతే. ఎన్నో ఏళ్ళ కిందటే ఆ పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకున్నారు. మా అత్త వాళ్ళ పేరు వాడుకుని లాభపడుతోందనీ, ఆ వెబ్ చిరునామా తమకు అప్పగించాలనీ రాశారు. నేను చదివి తెలుగులో చెబుతుంటే అత్తకు మొదట అర్థం కాలేదు.

"వాళ్ళకూ చామంతి అని బిడ్డ ఉండాదా?"

"లేదత్తా. దుప్పట్లకు పెట్టిన పేరు."

"దుప్పట్లకా!" అంది.

కంపెనీ మనిషి ఒకతను ఫోను చేశాడు. ఎంతకు ఇస్తారో చెప్పమన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అత్త, "కోటి రూపాయలిచ్చినా ఇయ్యనప్పా. అది నా బిడ్డ పేరు" అని పెట్టేసింది.

తర్వాత కంపెనీ వేసిన ఫిర్యాదు కాగితాల్లో ఆ మాట వేరే రూపంలో కనబడింది. చిరునామా ఇవ్వడానికి ఆమె కోటి రూపాయలు అడిగిందని రాశారు. అది వినగానే అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేను అడిగినానా పాపా? నువ్వు ఈడనే ఉండావు గదా. ఇయ్యననే గదా చెప్పినా?" అప్పటినుంచి ఆమెకు తిండి సయించలేదు. పేరు పోతుందన్న దిగులు ఒక ఎత్తు, కూతురి పేరును అమ్మకానికి పెట్టిందని ఎవరో నమ్ముతారన్న బాధ ఒక ఎత్తు.

కడపలో తెలిసిన లాయరు మా తరఫున జవాబు రాశాడు. కోర్టు కాదనీ, ఒక మధ్యవర్తి కాగితాలు చూసి తేలుస్తాడనీ చెప్పాడు. అత్త మాత్రం పిలుపు కోసం ఎదురుచూసింది. పోవడానికి ఒక చీర తీసి పక్కన పెట్టుకుంది. "నన్ను ఎప్పుడు పిలుస్తారు పాపా? నా మాట చెప్పుకోవాల గదా."

"పిలవరత్తా. మనం రాసి పంపిందే మన మాట."

"మనిషిని సూడకుండానే?"

చూడలేదు. కంపెనీ ట్రేడ్‌మార్కు పాతది, ఇద్దరూ అమ్మేది పక్క బట్టలే, కొనేవాళ్ళు పొరబడతారు, కాబట్టి చిరునామా కంపెనీకి అప్పగించాలి అని తీర్పు వచ్చింది. నేను మెల్లగా చెప్పాను. ఆమె అడిగింది ఒకే మాట.

"నేను దుడ్లు అడిగినానని రాసినారా?"

"లేదత్తా. దానికి రుజువు లేదన్నారు."

"అదొకటి సాలు" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది. కాసేపటికి లోపల నుంచి "నా తల్లీ, నా తల్లీ" అని వినబడింది. చామంతి పోయిన రోజు కూడా ఆమె అట్లా ఏడవలేదు.

చామంతి రాసిన మాటల్నే పెట్టి, ఊరి పేరు కలిపి, ఇంకో చిరునామా తీసుకున్నాం. ఫోన్లు తగ్గిపోయాయి. ఒకరోజు రాజంపేట నుంచి ఒకావిడ వెతికి పట్టుకుని ఫోను చేసింది. పాత చిరునామా తెరిస్తే కంపెనీ దుకాణం వచ్చిందట. "అమ్మ చీర పంపుతామంటే, మేం పాతబట్టలు తీసుకోం అన్నారండీ" అని ఆమె ఏడ్చింది. "ఏడ్వొద్దమ్మా, నాకు పంపు" అంది అత్త. కంపెనీని ఒక్క మాట తిట్టలేదు. తిట్టమని నేనే ఎగదోశాను. "వాళ్ళ పేరు వాళ్ళకు ముద్దు. నా బిడ్డ నాకు ముద్దు. తిడితే ఆ పేరునే తిట్టినట్లయితాది పాపా" అంది.

ఆ రాజంపేట బొంత పూర్తి చేసి పంపింది. ఆ తర్వాత కొత్తవి పెద్దగా రాలేదు, వచ్చినా ఆమెకు ఓపిక లేకపోయింది. ఆదివారాలు నేను పోతే పక్కన కూర్చుని నా తల నిమిరేది. ఒక్కోసారి పొరబాటున నన్ను చామంతీ అని పిలిచేది. నేను పలికేదాన్ని.

అత్తను మట్టి చేసి వచ్చిన మరునాడు, ఆమెతో కుట్టే ఆడవాళ్ళు వచ్చి వసారాలో ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. పనేమీ చేయలేదు. గడప పక్కన అత్త కూర్చునే చోటు మాత్రం ఖాళీగా ఉంది. పొద్దెక్కేకొద్దీ వసారాలోకి ఎండ పాకింది. వాళ్ళ కాళ్ళ మీదికి, ఒళ్ళోకి, ముఖాల మీదికి వచ్చింది. నీడ మిగిలింది ఆ గడప పక్కనే. కొంగు తల మీదికి లాక్కున్నారే కాని, ఆ నీడలోకి ఎవరూ జరగలేదు.