సంతలో రెండు చేతుల షేక్‌హ్యాండ్

ప్రమోషన్ కోసమని పోయి ఎనుముని కొన్న మొనగాడిని ఎప్పుడైనా చూశారా? ఇదిగో, మీ ముందరే కూర్చుని టీ తాగుతున్నాడు. నవ్వకండి, ముందు వినండి. మా వైపు గేదెను ఎనుమంటాం. ఆమధ్య ఒక సంత రోజు పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా నేను ఒక నిజమైన ఎనుముకి ఓనర్ని!

నాది మదనపల్లెలో పశువుల దాణా కంపెనీ డిపోలో బిల్లింగ్ ఉద్యోగం. మా ఆవిడ పద్మ కుప్పంలో నర్సు. పెళ్ళయి రెండేళ్ళయింది. శనివారం బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా పోవడం, ఆదివారం బస్సెక్కి రావడం. నేను కాపురం చేస్తున్నది పద్మతోనా, బస్సుతోనా అని నాకే అనుమానం వచ్చేది.

ఇంతలో మా కంపెనీలోనే కుప్పం ఫీల్డ్ ఆఫీసర్ పోస్టు ఖాళీ అయిందని తెలిసి అప్లికేషన్ పెట్టాను. ఇంక చూడండి నా అవస్థ! కూర్చోలేను, నిల్చోలేను. మెయిల్ తెరవడం, మూయడం. అన్నం తింటూ కూడా ఎడమ చేత్తో అదే పని. పద్మకు రోజుకు పదిసార్లు ఫోన్ చేసి "ఇంకా ఏం రాలేదు" అని చెప్పేవాణ్ణి. ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.

"నువ్వు ఆ కంప్యూటర్ ముందర కూసోనుంటే నువ్వొకడు ఉండావని ఎవురికి తెలుస్తాదప్పా? బయటికి పోయి నలుగురు పెద్దోళ్ళను కలువు!"

అంతే! ఆ రోజు నుంచి ఫోన్‌లో వీడియోలు మొదలుపెట్టాను. కోటేసుకున్న ఒకాయన బల్ల గుద్ది మరీ చెప్పాడు. షేక్‌హ్యాండ్ మెత్తగా ఇవ్వకూడదట. చెయ్యి మొత్తం గట్టిగా పట్టుకోవాలి, కళ్ళలోకి చూడాలి. అవతలివాళ్ళు ముఖ్యులైతే ఎడమ చెయ్యి కూడా పైన వేసి ఊపాలి. తొందరపడి అస్సలు వదలకూడదు. నాలుగు రోజులు డిపోలో హమాలీల మీద ప్రాక్టీస్ చేశాను. "ఏం శీనా, ఒంట్లో బాగుండాదా?" అని వాళ్ళు దిగులుపడ్డారు.

అదే వారం మా రీజినల్ మేనేజర్ పుంగనూరు పశువుల సంతకు వస్తున్నారని తెలిసింది. పోస్టు ఎవరికిచ్చేదీ ఆయన చేతిలోనే ఉంది. లీవు పెట్టేశాను. ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆరేళ్ళుగా దాణా బిల్లులు కొడుతున్నానే గానీ పశువుల సంతలో ఏనాడూ అడుగు పెట్టలేదు. మా నాన్నది మదనపల్లె టౌన్లో గాజుల అంగడి. నాకు ఎనుమంటే బిల్లులో ఒక లైను, అంతే.

తెల్ల చొక్కా, నల్ల బూట్లు, చంకలో బయోడేటా ఫైలు. ఆ దుమ్మూ, పేడా దాటుకుంటూ పోయి సార్‌ను పట్టుకున్నాను. నమస్కారం పెట్టి, పేరు చెప్పి, చెయ్యి ఊపేశాను. ఆయన నా ఉత్సాహం చూసి కొంచెం వెనక్కి జరిగి, పక్కన నిలబడిన పెద్దాయన్ని చూపించారు.

"ఈయన గంగులప్ప గారు. ఈ సంతలో పెద్ద దళారి. ఈయన ఒక్క మాటంటే రైతులు మన దాణానే కొంటారు. పరిచయం చేసుకోండి."

ఇంతకన్నా పెద్ద కాంటాక్ట్ ఉంటుందా! గంగులప్ప కుడిచేతి మీద టవల్ కప్పుకుని, ఆ చెయ్యి ముందుకు చాపి ఉన్నాడు. ఒక పక్కన ఎనుము పలుపు పట్టుకుని సోమల నుంచి వచ్చిన మునెమ్మ. ఇంకో పక్కన రామకుప్పం రైతొకాయన అప్పుడే టవల్ కింద నుంచి చెయ్యి తీసుకుని తల అడ్డంగా ఊపుతున్నాడు. నేను అవన్నీ ఎక్కడ చూశాను? పాపం పెద్దాయన చేతికి దెబ్బేమో, టవల్ చుట్టుకున్నాడు, అయినా నాకోసం చాపాడు అనుకున్నాను. టవల్ కింద చెయ్యి దూర్చి అయిదు వేళ్ళూ గట్టిగా పట్టేశాను. పైన ఎడమ చెయ్యి వేశాను. కళ్ళలోకి చూస్తూ ఊపాను. వదల్లేదు.

గంగులప్ప నన్ను తల నుంచి బూట్ల దాకా ఒకసారి చూశాడు. గొంతు తగ్గించి, "ఖాయమేనా అప్పా?" అన్నాడు.

"ఖాయం సార్! ఒకసారి పట్టుకుంటే వదిలే మనిషిని కాదు!"

ఫెళ్ళుమని నా అరచేతిలో చరిచాడు. మునెమ్మ పలుపు తెచ్చి నా చేతికిచ్చింది. కాసేపు పట్టుకోమంటోంది కాబోలు అనుకుని నవ్వుతూ పట్టుకున్నాను. సాయం చేసే గుణం కూడా సార్ చూడాలి కదా!

"నా ఎనుముని బాగా సూసుకో నాయనా. సల్లగా ఉండు," అని ఆమె కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు మొదలైంది నాకు గుబులు. గంగులప్ప అసలు సంగతి చెప్పాడు. సంతలో రేటు నోటితో చెప్పరట. పక్కవాడికి తెలియకుండా టవల్ కింద వేళ్ళు పట్టి చెప్పుకుంటారట. రామకుప్పం ఆయన మూడు వేళ్ళ దగ్గర ఆగిపోయాడు. నేను అయిదూ పట్టి, అది చాలదన్నట్టు రెండో చెయ్యి కూడా వేశాను!

"అయ్యో, నేను షేక్‌హ్యాండ్ ఇచ్చాను సార్!"

"ఆ మాట యాడైనా సెప్పుకో. చెయ్యి తట్టినాంక మాట మాటే. ఇప్పుడు నువ్వు ఎనక్కి పోతే రేపట్నుంచి మీ కంపెనీ మూట ఈడ ఎవుడు ముట్టుకుంటాడు? వద్దనుకుంటే ఇంకొక గిరాకీని నువ్వే సూసుకో. ఆయమ్మకు మాత్రం నువ్వు పట్టిన రేటు రావాల."

మేనేజర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీది ఏ డిపో అన్నారు?" అని అడిగారు. నా కుప్పం నా కళ్ళముందే దూరమైపోయింది. ఒక చేత్తో పలుపు పట్టుకునే పద్మకు ఫోన్ చేశాను.

"పద్మా, ఎనుముని కొన్నాను."

"తాగినావా?"

"లేదు."

"తాగకనే కొన్నావా? మనం ఉండేది రెండో అంతస్తు!" ఫోన్ పెట్టేసింది.

ఇంక తిరుగుడే తిరుగుడు. ఎనుము నడిస్తే నేను పరిగెత్తాలి, నేను నడిస్తే అది నిలబడిపోవాలి. కనపడిన ప్రతి గుంపులో దూరి "అన్నా, నా పేరు శ్రీనివాసులు, ఎనుము కావాల్నా?" అని అడగడం, నంబరు ఇవ్వడం. పాలెన్ని ఇస్తాదంటే నాకేం తెలుసు? తెలిసిందల్లా దాణా పేర్లు. ఏ పశువుకు ఏ మూట వెయ్యాలో రోజంతా కొట్టే బిల్లులే కదా, గడగడా చెప్పేశాను. ఎనుముని కొనరు గానీ దాణా గురించి అడగడానికి గుంపులు గుంపులుగా వచ్చారు. ఒకాయనకు నంబరు రాసివ్వడానికి ఫైలు తెరిచేసరికి నా బయోడేటా ఎనుము నోట్లో ఉంది. చదువూ, అనుభవమూ, అన్నీ నమిలేసింది.

మూడింటికి పెద్దతిప్పసముద్రం నుంచి వచ్చిన అన్నదమ్ములు ఇద్దరు దాన్ని కొని తోలుకుపోయారు. వాళ్ళిచ్చినదానికీ మునెమ్మకు రావాల్సినదానికీ ఉన్న తేడా నా జేబులోంచి పోయింది. ఎంతని అడక్కండి, పద్మ అడుగుతున్నది చాలు.

తర్వాత వారం రోజులు నేను మనిషిని కాదు. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. ఎనిమిదో రోజు సార్ నుంచి ఫోన్.

"శ్రీనివాసులు గారూ, ఫీల్డ్ ఆఫీసర్ పోస్టు మీదే."

కుర్చీ పడిపోయేలా లేచాను! పద్మ, రెండో అంతస్తు, రోజూ ఇంటి అన్నం, అన్నీ ఒక్కసారి కనపడ్డాయి.

"ఆ రోజు సంతలో నేను ఎవరిని కదిలించినా, ఆ బూట్లాయన మీవాడేనా అన్నారండీ. మీ నంబరు వాళ్ళందరి దగ్గరా ఉంది. గంగులప్ప గారైతే, నష్టపోయినా మాట తప్పలేదని మరీ మరీ చెప్పారు. ఇంత పరిచయం పెంచుకున్న మనిషిని కుప్పం ఎలా పంపిస్తాం? మీకు పుంగనూరు ఇచ్చాం."

థాంక్యూ సార్ అన్నాను. ఇంకేమనాలి? ఏడుపూ నవ్వూ రెండూ తన్నుకొచ్చాయి. పద్మకు ఫోన్ చేసి చెప్పాను.

"పోనీలేప్పా," అంది. "ఒక ఎనుముని కొని మదనపల్లె నుంచి పుంగనూరు దాకా వచ్చినావు. ఇంకోదాన్ని కొను, పలమనేరు వస్తావు. మూడోది కొన్నావంటే కుప్పమే!"