కుంటడం చేతకాని దయామణి టీచరు గారు

నందిగామలో మూడు తరాలకు సాంఘికశాస్త్రం బోధించిన దయామణి టీచరు గారు నిద్రలోనే కన్నుమూశారన్న కబురు మొన్న ఉదయం జగ్గయ్యపేటలో నాకు అందింది. తుంచిన ఇడ్లీముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆమె వెళ్ళిపోవడం ఒక దిగ్భ్రాంతి. మృత్యువు ఆమెను అందుకోగలగడం అంతకు మించిన దిగ్భ్రాంతి. మెలకువగా ఉండగా ఆవిడను పట్టుకోవడం ఆ మృత్యువు తరం కాదు. అందుకే నిద్రలో వచ్చి ఉంటుంది.

ఆమెది సామాన్యమైన నడక కాదు. నేతచీర కట్టిన ప్రభంజనం. బడి గేటులో ఆమె కనబడిన క్షణానికే ఆఫీసుగదిలో ఆమె సంతకం తడి ఆరిపోయి ఉండేదని మా తరగతి ప్రగాఢ విశ్వాసం. ఒకనాడు కంచికచర్లలో నందిగామ బస్సు తప్పిపోతే, ఇంకొకదాని కోసం నిలబడడం కాలహరణమని హైవే వెంట నడక సాగించి, దారిలో టీకి ఆగిన ఆ బస్సునే దాటి ముందుకు పోయారట. డ్రైవరు పిలిచి ఎక్కమంటే, "నేను తొందరగా వెళ్ళాలయ్యా" అన్నారట. ఈ కథలో చివరి మాట నేను చేర్చింది కాదు; మిగతా భాగానికి మాత్రం హామీ ఇవ్వలేను.

పాఠమూ అదే వేగం. సింధులోయలో బయల్దేరదీసి, గంట కొట్టేలోగా మమ్మల్ని ఈజిప్టు దాటించేవారు. ఒక్క రోము దగ్గర మాత్రం ఆగేవారు. కొలోసియమనే ఆ పురాతన క్రీడారంగాన్ని నల్లబల్ల నిండా అంతస్తు మీద అంతస్తుగా సుద్దముక్కతో నిర్మించి, వెనక్కి జరిగి చూసుకుని, "ఒక్కసారి దీని లోపల నిలబడి చూస్తే చాలర్రా నాకు" అనేవారు. ఏటా ఆ పాఠానికి ఆ వాక్యమే భరతవాక్యం.

అందుకే నందిగామ, జగ్గయ్యపేటల పాత విద్యార్థులమూ, మా ఇరుగుపొరుగులూ ఒక జట్టుగా యూరపు యాత్ర తలపెట్టినప్పుడు, చివరి మజిలీ రోము అని వినగానే అప్పటికే రిటైరయిన టీచరు గారు అందరికంటే ముందు పేరిచ్చారు. ఆ జట్టులో మా జగ్గయ్యపేట లారీ ఖాదర్ గారూ ఉన్నారు. జీవితమంతా స్టీరింగు ముందు కూర్చుని దేశం నలుమూలలకూ సిమెంటు మోసిన మహారథి. క్లచ్చి తొక్కీ తొక్కీ మోకాళ్ళు అరిగినా, ఇంకొకరు చెయ్యందిస్తే పట్టుకునే రకం కాదు. యాత్ర మొదట్లో టీచరు గారు టూరు మేనేజరు పట్టుకున్న జెండా కంటే ముందు నడిచి, జెండాయే దారి తప్పిందేమోనన్న భ్రమ కలిగించారు. ఖాదర్ గారు ఊరు ఊరికీ వెనకబడుతూ వచ్చారు. యాత్ర చివరికొచ్చేసరికి ఆయన కోసం ఆగవలసి వచ్చినప్పుడల్లా బస్సులో కొందరు నిట్టూర్చడం మొదలుపెట్టారు. ఆ నిట్టూర్పులు ఆయన చెవిన పడ్డాయి. ఇక తాను బస్సు దిగనని, మిగతావాళ్ళను చూసి రమ్మని మేనేజరుకు చెప్పేశారు.

మర్నాడే టీచరు గారికి కాలు పట్టేసింది.

"అన్నయ్యా, వెనకబడితే వీళ్ళు నన్ను వదిలేసి పోయేలా ఉన్నారు. కాస్త తోడు రారూ?" అన్నారు, బస్సు మెట్టు మీద నిలబడి.

"ఖాదర్ ఉండగా మిమ్మల్నెవడు వదిలేస్తాడమ్మా? చెయ్యి పట్టుకోండి" అని ఆ మహారథి లేచి నిలబడ్డారు.

అది మొదలు ఇద్దరూ అందరికంటే వెనక. మేనేజరు తొందరపెడితే టీచరు గారు, "మా నందిగామలో షేరాటో నిండందే కదలదు నాయనా. ఇంత పెద్ద బస్సుకి ఆపాటి మర్యాద లేదా?" అన్నారు. ఎవరూ నిట్టూర్చలేదు. బస్సులో సగం మంది ఆవిడ ఎప్పుడో ఒకప్పుడు బెంచీ ఎక్కించినవారే. కానీ నటనలో ఆమెకు సున్నా మార్కులు. పొద్దున ఎడమకాలు కుంటేవారు, భోజనాలయ్యాక కుడికాలు. ఏదైనా శాసనం కనబడితే రెండూ మరచిపోయి ఉరికి, మళ్ళీ నాలుక కరచుకుని కుంటేవారు.

రోము వచ్చింది. కొలోసియం లోపలికి వెళ్ళే టికెట్లకు నిర్ణీత సమయం ఉంది, దాటితే ప్రవేశం లేదు. బస్సు దూరంగా దింపింది. బాటంతా ఎగుడుదిగుడు రాళ్ళు. సగం దారిలోనే ఖాదర్ గారు ఒక అరుగు మీద కూలబడ్డారు. ఎదురుగా ఆ మహాకట్టడం కనబడుతూనే ఉంది. టీచరు గారు తన అసలు నడక నడిస్తే రెండు నిమిషాల పని. ఆయన దగ్గర నేనుంటాను, మీరు వెళ్ళండని ఆమె చెవిలో అన్నాను.

"వెళ్తే ఆయనకి తెలిసిపోతుందిరా, నా కాలు బాగానే ఉందని. నోరు మూసుకుని నడువు రాంబాబూ. మెల్లగా."

మేము చేరేసరికి వేళ దాటిపోయింది. మిగతా జట్టంతా లోపల ఉంది. టీచరు గారు వెలుపలి గోడకు ఎదురుగా కూర్చుని ఖాదర్ గారికి ఆ పాఠం మొదటి నుంచీ చెప్పారు. ఏ శతాబ్దాన్నీ దాటెయ్యకుండా, తొందర లేకుండా చెప్పడం నేను వినడం అదే మొదలు. అంతా శ్రద్ధగా విని ఆయన, "ఇంత జనం వచ్చేవాళ్ళు కదమ్మా, బళ్ళన్నీ ఎక్కడ పెట్టేవాళ్ళు?" అని అడిగారు. టీచరు గారికి జవాబు తెలియని ప్రశ్న ఈ భూమండలం మీద ఒకటి ఉందని అప్పుడే బయటపడింది. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు.

తిరుగు విమానంలో పక్కన కూర్చుని, లోపల చూడలేకపోయినందుకు బాధగా లేదా అని అడిగాను.

"బాధగానే ఉందిరా. ఎందుకుండదూ?" అన్నారు. కిటికీలోంచి చూస్తూ, "ఇంకోసారి వద్దాంలే" అన్నారు. ఆ ఇంకోసారి రాలేదు.

అంత్యక్రియల నాడు చర్చి నుంచి శ్మశానం దాకా కారు సిద్ధంగా ఉన్నా ఖాదర్ గారు ఎక్కలేదు, నడిచారు. పెట్టె మోసేవాళ్ళు ఎవరూ చెప్పకుండానే అడుగు తగ్గించారు. ప్రార్థన ముగిశాక ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఆవిడకి కుంటడం చేతకాదు రాంబాబూ. మొదటిరోజే కనిపెట్టా. చెయ్యి ఇవ్వకపోతే, పాపం, ఒక్కతే కుంటుకుంటూ మిగిలిపోద్దని ఇచ్చా."

ఇక దాచలేక, నల్లబల్ల ముందు ఆమె ఏటా అన్న మాట ఆయనకు చెప్పేశాను.

"నాకు తెలిస్తే పాక్కుంటూ అయినా పోయేవాణ్ణి కదరా" అన్నారు. గుప్పెడు మట్టి వేసి అక్కడే నిలబడిపోయారు. మేమెవరమూ ఆయనను తొందరపెట్టలేదు.

వేగంగా నడిచేవాళ్ళు మా హైవే పొడుగునా ఉన్నారు. తోటిమనిషి అభిమానం దెబ్బతినకుండా తన నడకనూ, ఆ పైన తన రోమునూ వదులుకుని, అంత అధ్వాన్నంగా, అంత నిండు మనసుతో కుంటగల మనిషి మాకిక లేరు. రాసేవాడిగా అతిశయోక్తి నా వృత్తివ్యాధి; ఈ ఒక్క మాటలో మాత్రం అది లేదు. టీచరు గారూ, నిక్షేపంలాంటి ఆ మీ రెండు పాదాలకూ మీ విద్యార్థి నమస్కారం.